లివర్ మార్చాల్సిన వేళ: ఒక ఆత్మకూరు ఫైలు చదివాక

మా చిన్నాయన ఆసుపత్రి కాగితాలు ఒక బట్టల అంగడి కవర్లో ఉన్నాయి. ఆయన పోయి రెండేళ్లయింది. మొన్న సంక్రాంతికి ఆత్మకూరు పోయినప్పుడు చిన్నమ్మ బీరువా మీద నుంచి ఆ కవరు దించి నా ముందర పెట్టింది. "నువ్వు పెద్ద సదువు సదువుతాండావు గదప్పా, దీంట్లో ఏం రాసినారో సూడు. మేం యాడన్నా తప్పు చేసింటిమేమో" అనింది.

నేను డాక్టర్ని కాదు. ప్రజారోగ్యం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. అయినా కాగితాలను తేదీల వారీగా పేర్చుకుంటే కొన్ని సంగతులు ఎవరికైనా కనబడతాయి. మొదటి కాగితం ఆయనకు మొదటిసారి కడుపు ఉబ్బినప్పటిది. బేల్దారి పని చేసే మనిషి. లుంగీ నడుముకు చాలడం లేదని నవ్వుకుంటూ ఆసుపత్రికి పోయినాడు. చివరి కాగితం దానికి పదకొండు నెలల తర్వాతది. లివర్ మార్పిడి అనే మాట మొట్టమొదటగా ఆ చివరి కాగితంలోనే ఉంది. దాని పక్కనే, రోగి ఇప్పుడు ఆ ఆపరేషన్‌ను తట్టుకునే స్థితిలో లేడని కూడా రాసి ఉంది.

ఈ రెండు కాగితాల మధ్య ఏ రోజున ఆ మాట మాకు చెప్పి ఉండాల్సింది? చిన్నమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఇది తేల్చుకోవాలి. లివర్ గట్టిపడిపోయిన రోగికి మార్పిడి ఎప్పుడు చేయాలో తేల్చడానికి వైద్యంలో పద్ధతులున్నాయి, లెక్కలున్నాయి. ఆ లెక్కలు మన మనుషుల దాకా ఎందుకు రావడం లేదో, వచ్చినా మన శరీరాలను ఎంతవరకు చూడగలవో రాయాలనిపించింది.

మూడు గంటలు

సిర్రోసిస్ అంటే లివర్ పదే పదే దెబ్బతిని, మానుతూ, మచ్చలు కట్టి గట్టిపడిపోవడం. సారాయి, బ్రాందీ ఒక కారణం మాత్రమే. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, షుగరుతో వచ్చే కొవ్వు లివరు, శరీరం తన లివర్‌పై తానే దాడి చేసే జబ్బులు కూడా ఉన్నాయి. ఊర్లో మాత్రం లివర్ చెడిపోయిందంటే తాగినాడు అనే అర్థం. ఆడమనిషికి వచ్చినా ఆ చూపే చూస్తారు.

గట్టిపడిన లివర్ చాలా ఏళ్లు నోరెత్తకుండా పని చేస్తుంది. ఈ దశలో ఉన్నవాళ్లు సగటున 12 ఏళ్లకు పైగానే బతుకుతారని దీర్ఘకాలిక అధ్యయనాలు చెప్పినాయి. ఆ తర్వాత ఒకరోజు మూడింటిలో ఒకటి జరుగుతుంది. కడుపులో నీరు చేరుతుంది. లేదా అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళం పగిలి రక్తం కక్కుకుంటారు. లేదా మతి తప్పి, పగలు నిద్రపోతూ రాత్రి మేలుకుని, మనుషుల్ని గుర్తుపట్టకుండా మాట్లాడతారు. వీటిలో ఏ ఒక్కటి మొదలైనా, ఏ చికిత్సతోనూ లివర్ కోలుకోకపోతే, సగటు ఆయుష్షు దాదాపు 2 ఏళ్లకు పడిపోతుంది. 12 ఎక్కడ, 2 ఎక్కడ?

అందుకే ఈ మూడింటిలో ఏది మొదటిసారి కనబడినా ఆ రోగిని మార్పిడి చేసే కేంద్రానికి చూపించాలని కాలేయ వైద్యుల మార్గదర్శకాలు చెబుతాయి. చూపించడం అంటే వెంటనే కోత పెట్టడమని కాదు. ఈ మనిషికి మార్పిడి అవసరమా, తట్టుకోగలడా, దాత ఎవరు అన్నది పరీక్షించి, జాబితాలో పెట్టాలా వద్దా అని తేల్చడం. దానికే వారాలు, నెలలు పడుతుంది. మా చిన్నాయన విషయంలో మొదటి గంట లుంగీ చాలని రోజే మోగింది. ఆ రోజు నీళ్లు తీసి, మాత్రలు రాసి, "తాగడం మానెయ్" అని చెప్పి పంపించినారు. పదకొండు నెలల్లో నాలుగుసార్లు నీళ్లు తీసినారు. నాలుగు కాగితాల్లోనూ పై ఆసుపత్రికి చూపించమన్న మాట లేదు.

అలాగని ప్రతి సిర్రోసిస్ రోగినీ మార్పిడికి తోయడం కూడా తప్పే. ఈ రెండో సంగతి మా వీధిలోనే ఇంకో ఇంట్లో చూసినాను. పత్తి తీయడానికి, మిరప కోయడానికి పోయే ఒక అక్క. చుక్క ముట్టని మనిషి. కడుపులో నీరొచ్చి, కాళ్లు వాచి, ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే లివర్ మార్చాలి, 25 లక్షలు చూసుకోండి అన్నారట. వాళ్లకున్నది ప్రభుత్వం ఇచ్చిన ఎకరంన్నర డి-పట్టా భూమి. దాన్ని ఎవరికో దొంగ కాగితం మీద రాసివ్వడానికి కూడా సిద్ధపడినారు. ఈలోగా ఇంకొక డాక్టర్ హెపటైటిస్ బి పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది. రోజుకొక మాత్ర, టెనోఫోవిర్, మొదలుపెట్టినారు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఆ మాత్రలు ఉచితం. ఏడాదికల్లా నీరు తగ్గింది. ఇప్పుడు పనికి పోతోంది. భూమి మిగిలింది.

ఇది మాయ కాదు. కారణాన్ని ఆపితే కొందరి లివర్ తిరిగి కుదుటపడుతుంది. వైరస్‌కు మందు పడినప్పుడు, తాగుడు పూర్తిగా మానినప్పుడు మొదటి కొన్ని నెలల్లో ఇది కనబడుతుంది. డాక్టర్లు "కొంచెం ఆగి చూద్దాం" అనడానికి ఉన్న నిజమైన కారణం ఇదే. దాన్ని కాదనలేం. మార్పిడి చిన్న ఆపరేషన్ కాదు. ఆ తర్వాత జీవితాంతం రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వేసుకోవాలి, మానితే కొత్త లివర్‌ను శరీరం తిప్పికొడుతుంది. కాబట్టి మరీ తొందరపడితే, మార్పిడి లేకుండా ఇంకా బతకగలిగిన మనిషిని ఆపరేషన్ బల్ల మీద పోగొట్టుకుంటాం. మరీ ఆలస్యమైతే కిడ్నీలు, ఊపిరితిత్తులు, కండ అన్నీ పోయిన మనిషికి ఏ లివర్ పెట్టినా నిలవదు. మధ్యలో ఒక కిటికీ తెరుచుకుంటుంది. అది తెరుచుకున్నదీ లేనిదీ చూసే మనిషి లేకపోతే, ఆగి చూద్దాం అన్నమాటకు వదిలేశాం అనే అర్థం వస్తుంది.

ఫైల్లో ఉన్న ఐదు అంకెలు

ఈ కిటికీని అంకెల్లో కొలవడానికి రెండు పద్ధతులు ఎక్కువగా వాడతారు. ఒకటి పాతది. 1964లో చైల్డ్, టర్కాట్ అనే సర్జన్లు మొదలుపెట్టి, 1973లో పగ్ అనే ఆయన సవరించినది. బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే వేగం, కడుపులో నీరు, మతి స్థితి. ఈ ఐదింటికి ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. 5, 6 వస్తే ఎ తరగతి, 7 నుంచి 9 బి, 10 నుంచి 15 సి. మంచం పక్కనే కూర్చుని లెక్కించుకోవచ్చు.

రెండోది మెల్డ్ స్కోరు. అమెరికాలో మయో క్లినిక్ వైద్యులు వేరే ప్రక్రియ కోసం తయారుచేసిన సూత్రం ఇది. 2002 ఫిబ్రవరి నుంచి ఆ దేశంలో లివర్ ఎవరికి ముందు ఇవ్వాలో దీని ప్రకారమే తేల్చుతున్నారు. అంతకుముందు జాబితాలో ఎన్నాళ్లుగా ఉన్నారన్నదానికి బరువు ఎక్కువ. తెలిసిన డాక్టరు, దగ్గరి ఆసుపత్రి ఉన్నవాళ్లు ముందే పేరు రాయించుకుని కూర్చునేవాళ్లు. ఆ తేడాను కొంతైనా తగ్గించడానికి, ఎవరు ముందు చనిపోయేలా ఉన్నారో వాళ్లకు ముందు అనే నియమం తెచ్చినారు. బిలిరుబిన్, ఐఎన్‌ఆర్, క్రియాటినిన్ అనే మూడు రక్తపరీక్షలతో 6 నుంచి 40 దాకా ఒక అంకె వస్తుంది. 2016 నుంచి సోడియం కూడా చేర్చినారు.

ఆ అంకెకు అర్థం మూడు నెలల్లో చనిపోయే అవకాశం. అమెరికా జాబితాలోని రోగుల మీద వేసిన తొలి లెక్కల్లో, 10 నుంచి 19 మధ్య ఉన్నవాళ్లలో మూడు నెలల్లో చనిపోయినవాళ్లు నూటికి 6 మంది. 20 నుంచి 29 మధ్య దాదాపు 20 మంది. 30 నుంచి 39 మధ్య సగానికి పైగా. 2005లో వచ్చిన మరో విశ్లేషణ 15 దగ్గర గీత గీసింది. అంతకన్నా తక్కువ స్కోరు ఉంటే మొదటి ఏడాదిలో ఆపరేషన్ వల్ల వచ్చే ముప్పే ఎక్కువ. 15 దాటితే మార్పిడి వల్ల లాభం మొదలవుతుంది. లివర్‌లో క్యాన్సర్ గడ్డ ఉంటే దారి వేరు. స్కోరు తక్కువున్నా గడ్డ ఒక్కటే ఉండి 5 సెంటీమీటర్ల లోపు, లేదా మూడు దాకా ఉండి ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపు ఉంటే మార్పిడిని పరిగణిస్తారు. అందుకే సిర్రోసిస్ ఉన్నవాళ్లకు ఆరు నెలలకొకసారి స్కానింగ్ చేయించమంటారు.

ఇక మా చిన్నాయన మొదటి కాగితం. బిలిరుబిన్ 4.2. ఐఎన్‌ఆర్ 1.9. క్రియాటినిన్ 0.8. ఆల్బుమిన్ 2.4. సోడియం 128. పాత పద్ధతిలో వేస్తే 12 మార్కులు, సి తరగతి. మెల్డ్ వేస్తే 19. సోడియం కలిపి వేస్తే 25. అంటే లుంగీ చాలడం లేదని నవ్వుతూ నడిచి పోయిన రోజే ఆయన గీత దాటి ఉన్నాడు. ఆ పరీక్షలన్నీ చేసినారు, డబ్బులు కట్టినాము, అంకెలు కాగితం మీద ఉన్నాయి. వాటిని కలిపి చూసినవాళ్లు లేరు. నేను ఫోన్‌లో లెక్క వేయడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఆ రోజు ఓపీలో ఆ డాక్టర్ ముందు ఎంతమంది నిలబడి ఉన్నారో నాకు తెలుసు, నేనూ ఆ వరసలో నిలబడినవాణ్ణే. ఆయన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. కానీ ఒక మాట. ఎదురుగా కూర్చున్న మనిషి మార్పిడి చేయించుకోగలడని అనుకుంటేనే ఎవరైనా ఆ లెక్క వేస్తారు. చెమట వాసన, సిమెంటు చేతులు చూసి, వీళ్లకు 25 లక్షలు ఎక్కడివి, చెప్పి ప్రయోజనం ఏముందని మనసులోనే కొట్టేస్తే అక్కడితో అయిపోయింది. ఎవరూ కులం పేరెత్తరు. ఫైల్లో ఎక్కడా దాని ముద్ర ఉండదు.

స్కోరు చూడని కండ

మెల్డ్‌కు కులం తెలియదు, అదే దాని గొప్ప అని పాఠ్యపుస్తకాలు అంటాయి. నిజమే. అయితే అది కొలిచే క్రియాటినిన్ అనేది కండ నుంచి వచ్చే వ్యర్థం. కండ ఎక్కువున్న మనిషికి ఎక్కువ, బక్కపలచని మనిషికి తక్కువ. కిడ్నీ పాడైతే పెరుగుతుంది. స్కోరులో 1.0 కంటే తక్కువ ఉన్న క్రియాటినిన్‌ను 1.0గానే లెక్కిస్తారు.

ఇప్పుడు ఇద్దరిని ఊహించండి. ఒకరు మంచి తిండి తిన్న, ఒళ్లున్న మనిషి. ఆయన క్రియాటినిన్ 1.0 నుంచి 2.0కు పెరిగితే, అంటే కిడ్నీ పని దాదాపు సగానికి పడితే, స్కోరు ఆరున్నర పెరుగుతుంది. జాబితాలో పైకి పోతాడు. ఇంకొకరు జీవితమంతా కొర్ర సంగటి, చారుతో బతికి, రక్తహీనతతో 38 కిలోలకు దిగిన కూలి మనిషి. ఆమె క్రియాటినిన్ 0.5 నుంచి 1.0కు పెరిగితే ఆమె కిడ్నీ పని కూడా దాదాపు సగానికి పడినట్టే. స్కోరు మాత్రం ఒక్క అంకె కదలదు. ల్యాబ్ కాగితంలో ఆ 1.0 పక్కన "నార్మల్" అని ఉంటుంది.

స్త్రీల విషయంలో ఈ అన్యాయాన్ని అమెరికాలో లెక్కలతో నిరూపించినారు. ఒకే స్కోరు ఉన్నా జాబితాలో స్త్రీలు ఎక్కువగా చనిపోతున్నారని తేలింది. ఆ తర్వాత మెల్డ్ 3.0 అనే కొత్త సూత్రం 2023లో అమల్లోకి వచ్చింది. అందులో స్త్రీలకు 1.33 అంకె అదనంగా కలిపి, ఆల్బుమిన్‌ను కూడా చేర్చినారు. ఆకలితో కరిగిన కండకు మాత్రం ఈ సూత్రాల్లో అదనపు అంకె లేదు. కాబట్టి మనవాళ్ల కాగితాల్లో స్కోరు తక్కువుంటే దానితోనే ఊరుకోకూడదు. ఎన్నిసార్లు నీళ్లు తీసినారు, బరువు ఎంత తగ్గింది, మంచం మీద నుంచి తనంత తానే లేవగలుగుతోందా అని కూడా డాక్టర్‌ని అడగాలి. మంచి కాలేయ వైద్యులు వీటిని చూస్తారు.

తాగినాడు కాబట్టి

ఫైల్లో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన కాగితం ఆరో నెలది. చిన్నాయన మొదటి కాగితం తర్వాత మానేసినాడు. ఐదు నెలలు ముట్టలేదు. వాళ్ల బావ దినం రోజు ఒకసారి తాగినాడు. ఆ తర్వాతి ఓపీలో ఆయనే, అడిగితే అబద్ధం చెప్పకుండా, ఆ సంగతి చెప్పినాడు. "మద్యం కొనసాగిస్తున్నాడు" అని రాసినారు. చివరిదాకా ప్రతి కాగితంలో ఆ వాక్యమే నకలు అయ్యింది.

మార్పిడికి ముందు కనీసం 6 నెలలు తాగకుండా ఉండాలనే నియమం ప్రపంచమంతా చాలా ఆసుపత్రుల్లో ఉంది. దానికి రెండు కారణాలు చెబుతారు. ఆ 6 నెలల్లో లివర్ తనంత తానే కోలుకోవచ్చు. రెండోది, మళ్లీ తాగడని నమ్మకం కలుగుతుంది. మొదటి కారణంలో పస ఉంది. రెండోదానికి బలమైన ఆధారం లేదని ఇప్పుడు కాలేయ వైద్యులే ఒప్పుకుంటున్నారు. 2011లో ఫ్రాన్స్, బెల్జియం ఆసుపత్రుల నుంచి ఒక అధ్యయనం వచ్చింది. మద్యం వల్ల తీవ్రంగా లివర్ వాచి, మందులకు లొంగని 26 మందికి 6 నెలలు ఆగకుండానే మార్పిడి చేసినారు. ఆరు నెలలకు వాళ్లలో 77 శాతం బతికి ఉన్నారు. అలాంటి స్థితిలోనే మార్పిడి జరగనివాళ్లలో 23 శాతమే మిగిలినారు. తర్వాతి కాలంలో ముగ్గురు మళ్లీ తాగినారు. ముగ్గురే.

అయితే ఆ 26 మందిని ఎట్లా ఎంచుకున్నారో కూడా చదవాలి. కుటుంబం గట్టిగా వెనక ఉన్నవాళ్లను, ఇదే మొదటి దెబ్బ అయినవాళ్లను ఏరినారు. మార్పిడికి ముందు చేసే మానసిక, సామాజిక అంచనాలో అన్నిచోట్లా ఈ ప్రశ్నలే ఉంటాయి. తోడు ఎవరు? ఇల్లు ఎలాంటిది? ఆసుపత్రికి ఎంత దూరం? మందులు క్రమంగా వేసుకోగలరా? ఇవి అవసరమైన ప్రశ్నలే, ఎందుకంటే టాక్రోలిమస్ మాత్ర వేళకు పడకపోతే ఆపరేషన్ వృథా. కానీ ఒక్క గది ఇల్లు, సుగ్గికి గుంటూరు పోయే భార్య, 70 కిలోమీటర్ల దూరంలో కర్నూలు. ఈ జవాబులకు మార్కులు తగ్గితే రోగి సంకల్పం బలహీనమని రాస్తారు. పేదరికాన్ని కొలిచి దానికి వ్యక్తిత్వమని పేరు పెట్టడం అది.

పైగా తాగుడు సంగతికొస్తే ప్రభుత్వానికి నీతులు చెప్పే హక్కు అసలు లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్లు మూయించి, 1993 అక్టోబర్‌లో సారా నిషేధం సాధించినారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో ఎత్తేసినారు. 2024 అక్టోబర్ నుంచి కొత్త మద్యం విధానంలో 99 రూపాయలకే క్వార్టరు అందుబాటులోకి తెచ్చినారు. బేల్దారి మనిషి సాయంత్రం నడుం నొప్పికి కొనే సరుకు అదే. ఖజానా నింపిన మనిషి లివర్ పోయినప్పుడు ఆ ఖజానా నుంచి ఒక కౌన్సెలర్‌ను కూడా ఇవ్వకుండా, 6 నెలలు నిగ్రహం చూపించి రా అంటున్నాము.

లివర్ ఎక్కడి నుంచి వస్తుంది

మన దేశంలో 2023లో 4,491 కాలేయ మార్పిడులు జరిగినట్టు జాతీయ అవయవ మార్పిడి సంస్థ లెక్క. వాటిలో ఎక్కువభాగం బతికున్న దాతల నుంచి తీసుకున్నవే. బ్రెయిన్ డెడ్ అయ్యి అవయవాలు ఇచ్చినవాళ్లు ఆ ఏడాది దేశం మొత్తం మీద 1,099 మంది. కాబట్టి మార్పిడి ఎప్పుడు అనే ప్రశ్న ఆచరణలో దాత ఎవరు అనే ప్రశ్నగా మారిపోతుంది.

బతికున్న దాత అయితే 1994 చట్టం ప్రకారం దగ్గరి బంధువు కావాలి. భార్య లేక భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు. 2011 సవరణతో అవ్వతాతలు, మనవళ్లు మనవరాళ్లు చేరినారు. మేనమామ కొడుకు, బావమరిది వస్తే అధీకృత కమిటీ ముందు నిలబడి, డబ్బులు చేతులు మారలేదని నిరూపించుకోవాలి. బ్లడ్ గ్రూపు కలవాలి, దాత లివర్‌లో కొవ్వు ఉండకూడదు, ఇచ్చాక దాతకు కనీసం మూడో వంతు మిగలాలి. ఇచ్చిన ముక్క నెలల్లో తిరిగి పెరుగుతుంది. కానీ రెండు మూడు నెలలు బరువు ఎత్తకూడదు. రోగి పనికి పోలేడు, దాత కూడా పోలేడు. కూలి ఇంట్లో రెండు కూలీలు ఒకేసారి ఆగిపోతాయి. ఆ దాత ఎక్కువసార్లు భార్యో తల్లో అవుతుంది. దేశంలో బతికుండి అవయవాలిచ్చేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలని, తీసుకునేవాళ్లలో ఎక్కువమంది పురుషులని ప్రభుత్వ లెక్కలే చూపిస్తున్నాయి. ఆ లెక్కల్లో ఆడా మగా ఉంది. కులం లేదు. ఎవరు ఇచ్చినారు, ఎవరు పుచ్చుకున్నారు అన్నది కులం వారీగా లెక్కించనంత కాలం, వివక్ష ఎక్కడుందని అడిగేవాళ్లకు చూపించడానికి మన చేతిలో చిన్నాయన ఫైలు లాంటివే ఉంటాయి.

మరణించిన దాతల లివర్ కోసం జీవన్‌దాన్‌లో పేరు నమోదు కావాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలై, విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లో వేర్వేరుగా నడుస్తోంది. రోగి నేరుగా పేరు రాయించుకోలేడు. మార్పిడికి గుర్తింపు ఉన్న ఆసుపత్రి ద్వారానే రాయించుకోవాలి. నమోదుకు స్థానికత అవసరం లేదని, రుసుము తీసుకోకూడదని, 65 ఏళ్ల పరిమితి లేదని 2023లో కేంద్రం ప్రకటించింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఇప్పటికీ అడిగేవాళ్లుంటారు. ఇంకొక సంగతి కూడా తెలియాలి. మన దేశంలో చాలా రాష్ట్రాల్లో దొరికిన లివర్‌ను ముందు ఆసుపత్రికి కేటాయిస్తారు. తన జాబితాలో ఎవరికి పెట్టాలో ఆ ఆసుపత్రే తేల్చుకుంటుంది. రాష్ట్రంలో అందరికన్నా జబ్బు ఎక్కువున్న రోగికే ముందు అనే అమెరికా పద్ధతి ఇక్కడ పూర్తిగా లేదు. డబ్బు కట్టలేక ఏ ఆసుపత్రి జాబితాలోనూ లేని మనిషికి స్కోరు 35 ఉన్నా ఉపయోగం లేదు. ఫోన్ వచ్చాక కొద్ది గంటల్లో ఆసుపత్రిలో ఉండాలన్నది ఇంకో మెలిక. నల్లమల అంచున చెంచు గూడెంలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే మనిషికి ఆ ఫోన్ ఎట్లా వస్తుంది?

ప్రైవేటులో ఖర్చు 20 నుంచి 30 లక్షల దాకా. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధ్యం కాదా అంటే, 2009లోనే చెన్నై స్టాన్లీ ఆసుపత్రిలో మొదలుపెట్టి చూపించినారు. హైదరాబాద్ ఉస్మానియాలోనూ ప్రభుత్వ ఖర్చుతో చేస్తున్నారు. నంద్యాలలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడ రేపే మార్పిడులు చేయాలని నేను అడగడం లేదు. సిర్రోసిస్ రోగుల పేర్లతో ఒక రిజిస్టరు, ఆ ఐదు అంకెలు కలిపి చూసే ఒక డాక్టరు, పై కేంద్రానికి రాసే ఒక ఉత్తరం. వీటికి కోట్లు అక్కర్లేదు.

ఎవరింట్లోనైనా ఇప్పుడు ఈ జబ్బు ఉంటే, నేను ఆ ఫైలు చదివాక నేర్చుకున్నవి చెబుతాను. నీరు, రక్తం, మతి, మూడింటిలో ఏ ఒక్కటి కనబడినా మెల్డ్ ఎంత అని నోరు తెరిచి అడగండి. స్కోరు చెప్పకపోతే ఐదు పరీక్షల అంకెలు రాసుకోండి. మార్పిడి కేంద్రానికి రిఫరల్ రాతపూర్వకంగా అడగండి, వద్దంటే ఎందుకు వద్దో కూడా కాగితం మీదే రాయమనండి. ఎన్టీఆర్ వైద్యసేవలో ఈ ఆపరేషన్‌కు ప్యాకేజీ ఎంత, ఏ ఆసుపత్రిలో అన్నది ఆరోగ్యమిత్రను, 104 నంబరును అడగండి. సీఎం సహాయ నిధికి ఎస్టిమేషన్ కాగితం కావాలి, అది చివరి వారంలో దొరకదు. మార్పిడి చేయించుకున్నవాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. మందుల ఖర్చు ఎట్లా అని భయపడి ముందే వెనకడుగు వేసేవాళ్లకు ఈ సంగతి చెప్పండి. తాగడం మానినవాళ్లు ప్రతి ఓపీలో ఆ తేదీ రాయించుకోండి. ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి ఉంటే అందరూ పరీక్ష చేయించుకోండి, లేనివాళ్లు టీకా వేయించుకోండి.

చిన్నాయన చివరి కాగితంలో స్కోరు 36. కిడ్నీలు పోయినాయి, కడుపు నీళ్లలో చీము పట్టింది. ఆ స్థితిలో చేయలేమన్న డాక్టర్లు తప్పు చెప్పలేదు. అప్పటికి కిటికీ మూసుకుపోయింది.

చిన్నమ్మకు నేను ఇదంతా చెప్పలేదు. "మీరు తప్పు చేయలేదు చిన్నమ్మా, మీకు చెప్పాల్సింది చెప్పలేదు" అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, తన బ్లడ్ గ్రూపు ఆయనకు సరిపోయేదా అని అడిగింది. ఫైల్లో చూసినాను. ఆయనది బి పాజిటివ్. ఆమె గ్రూపు ఏందో ఎప్పుడూ ఎవరూ పరీక్ష చేయలేదు.